ఆర్10 మీదికి పక్షుల కోసం తేలికపాటి టెలిఫోటో: 100-400, 600 ఎఫ్/11, 200-800లో ఏది?

మీరు అడిగింది ఇదీ: చేతిలో కెనాన్ ఆర్10, దానితో వచ్చిన 18-150 లెన్స్ ఉన్నాయి. భుజం నొప్పి వల్ల రెండు కిలోల లెన్స్ మోయలేరు. పొద్దున్నే హైదరాబాద్ చుట్టుపక్కల చెరువు గట్ల మీద నడక, అప్పుడప్పుడు అనంతగిరి, చలికాలంలో ఒకసారి నేలపట్టు, పులికాట్. ఆర్‌ఎఫ్ 100-400, 600 ఎఫ్/11, 200-800 మూడింట్లో ఏది కొనాలి?

100-400 కొనండి. ఎందుకో చెప్తాను, అది ఎక్కడ చేతులెత్తేస్తుందో కూడా చెప్తాను. ఆ రెండో సంగతి తెలియకుండా కొన్నవాళ్లే మొదటి నెలలో అమ్మకానికి పెడుతుంటారు.

అందరూ 400, 600, 800 అనే అంకెనే చూస్తారు. బరువు తగ్గించుకోవాలనుకునేవాళ్లు ముందు చూడాల్సింది వేరే అంకె. ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ పేరులోని 400 లాంటి మిల్లీమీటర్ల అంకె) ఎఫ్ నంబర్‌తో (ఎఫ్/8 అంటే 8) భాగించండి. లెన్స్ వెలుతురును లోపలికి తీసుకునే రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. ఒకే దూరంలో ఉన్న పిట్టను ఒకే షటర్ స్పీడుతో తీసి, చివరికి ఫొటోలో ఒకే సైజులో కనిపించేలా క్రాప్ చేసుకుంటే, ఆ పిట్ట మీది నుంచి సెన్సార్‌కి ఎంత వెలుతురు చేరిందన్నది ఈ వెడల్పును బట్టే ఉంటుంది. గ్రెయిన్ (ఫొటోలో కనిపించే నలకలు) ఎంత కనబడుతుందో కూడా ఎక్కువగా దీన్నిబట్టే తేలుతుంది.

ఇప్పుడు మీ మూడు లెన్సులకీ లెక్క వేద్దాం. 100-400 చివరన 400 బై 8, అంటే 50 మి.మీ., బరువు 635 గ్రాములు. 600 ఎఫ్/11కి 54.5 మి.మీ., బరువు 930 గ్రాములు. 200-800 చివరన 800 బై 9, అంటే సుమారు 89 మి.మీ., బరువు 2050 గ్రాములు. చూశారా, 600 ఎఫ్/11 పేరుకు పెద్దదే గానీ 100-400 కన్నా తెచ్చే వెలుతురు పెద్దగా లేదు. మీకు క్రాప్ చేసే పని తగ్గిస్తుంది, అంతే. 200-800 మాత్రం 50 మి.మీ.తో పోలిస్తే మూడు రెట్లకు పైగా వెలుతురు తెస్తుంది, ఆ బరువు ఊరికే రాలేదు. కానీ ఆర్10 బాడీ 429 గ్రాములు కలిపితే చేతిలో దాదాపు రెండున్నర కిలోలు. 100-400తో అయితే మొత్తం కిలో దాటి 64 గ్రాములు. భుజం నొప్పి ఉన్నవాళ్లకి ఇక్కడే తేలిపోతుంది. బ్యాగులోనే ఉండిపోయే 800 కన్నా గంటసేపు చేతిలో పట్టుకు తిరిగే 400తోనే ఎక్కువ ఫొటోలు వస్తాయి. పిట్ట ఎగిరేది మీరు బ్యాగు జిప్పు తీస్తున్నప్పుడే.

వేరే కంపెనీల కెమెరాలు ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి వాటి గురించీ రెండు మాటలు. తేలిక లెన్సులు దాదాపు అన్నీ ఈ 50 మి.మీ. దగ్గరే ఆగుతాయి. సోనీ 70-350 చివరన సుమారు 56 మి.మీ., 625 గ్రాములు. ఫుజీ 70-300 చివరన సుమారు 54 మి.మీ., 580 గ్రాములు. ఒలింపస్ 75-300 అయితే 45 మి.మీ., 423 గ్రాములే. బరువు పెరగకుండా ఈ వెడల్పు పెరగాలంటే డబ్బు పెరగాలి. నికాన్ ఫేజ్ ఫ్రెనెల్ లెన్సులు (ప్రత్యేకమైన గాజుతో పొట్టిగా, తేలికగా చేసినవి) ఆ దారిలో వచ్చినవే. 2015లో వచ్చిన 300 ఎఫ్/4 755 గ్రాములకు 75 మి.మీ. ఇస్తుంది. 2018 నాటి 500 ఎఫ్/5.6 1460 గ్రాములకు 89 మి.మీ. ఇస్తుంది. నికాన్ జెడ్ బాడీ ఉన్నవాళ్లకి అడాప్టర్ మీద పెట్టిన పాత 300 ఎఫ్/4, పక్కన 1.4 కన్వర్టర్ (ఫోకల్ లెంగ్త్‌ని 1.4 రెట్లు చేసే చిన్న లెన్స్) ఉంటే ఇవాళ్టికీ మంచి బేరమే. సూర్యుడు గానీ బలమైన లైటు గానీ ఫ్రేములోకి వస్తే మాత్రం ఆ ఫ్రెనెల్ గాజు వల్ల రింగులు రింగులుగా ఫ్లేర్ వస్తుంది. సోనీకి, ఎల్ మౌంట్‌కి 2024లో వచ్చిన సిగ్మా 500 ఎఫ్/5.6 కూడా 1.4 కిలోల లోపే.

సరే, 400 మీకు చాలుతుందా? దీనికి చిన్న లెక్క ఉంది. పిట్ట పొడవు సెంటీమీటర్లలో తీసుకుని నాలుగుతో గుణించండి, దూరం మీటర్లతో భాగించండి. 400 మి.మీ. దగ్గర సెన్సార్ మీద పిట్ట ఎన్ని మిల్లీమీటర్లు పడుతుందో వస్తుంది. ఆర్10 సెన్సార్ ఎత్తు సుమారు 15 మి.మీ., అందులో 4000 పిక్సెళ్లు. చెరువు గట్టు మీద కరెంటు తీగపై కూర్చునే తెల్లగొంతు లకుముకి పిట్ట 28 సెం.మీ. ఉంటుంది. 15 మీటర్ల దూరంలో 7.5 మి.మీ., అంటే ఫ్రేములో సగం, దాదాపు 2000 పిక్సెళ్లు. పెద్ద ప్రింటుకి కూడా సరిపోతుంది. అదే దూరంలో చిన్న నీలి లకుముకి, 16 సెం.మీ., 1100 పిక్సెళ్ల పైచిలుకు వస్తుంది. ఫోన్‌లో చూడటానికి, మామూలు ప్రింటుకి బాగానే ఉంటుంది. తేనెపిట్ట 10 సెం.మీ. మాత్రమే, దానికి 8 మీటర్లకు దగ్గర పడాలి. పులికాట్‌లో రాజహంసలు నీళ్ల మధ్య 150 మీటర్ల అవతల నిలబడితే 400లో ఒక్కో పక్షి ఫ్రేములో పావు వంతు కూడా రాదు. అక్కడ ఒంటరి పక్షి ఫొటో కోసం తాపత్రయపడకుండా గుంపునీ, నీటినీ, ఆకాశాన్నీ కలిపి 150, 200 దగ్గర తీయండి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు లాంటి చోట ఊరి చెరువులోనే చెట్ల మీద గూళ్లు కాబట్టి 400 దండిగా సరిపోతుంది. కైకలూరు దగ్గర ఆటపాక పడవలో గూడబాతులు మరీ దగ్గరికి వచ్చేస్తాయి. అక్కడ 600 స్థిర లెన్స్ పట్టుకుంటే తల ఒక్కటే వస్తుంది, 100 దాకా జూమ్ వెనక్కి రావడం ఎంత అవసరమో అప్పుడు తెలుస్తుంది.

600 ఎఫ్/11 వద్దనడానికి ఇంకో కారణం ఉంది. అది 4.5 మీటర్ల లోపల ఫోకస్ చేయదు. మందార కొమ్మ మీది తేనెపిట్ట మూడు మీటర్ల దూరంలోకి వస్తే మీరే వెనక్కి జరగాలి. 100-400 సుమారు మీటరు దాకా దగ్గరికి వస్తుంది, మాగ్నిఫికేషన్ 0.41 రెట్లు. పిట్టలు దొరకని మధ్యాహ్నం తూనీగలు, సీతాకోకచిలుకలు దానితోనే తీసుకోవచ్చు.

ఇక 100-400 ఎక్కడ ఓడిపోతుందో. ఎండలో ఇబ్బందేమీ లేదు: ఎఫ్/8, 1/1600 సెకను, ఐఎస్ఓ (వెలుతురు తక్కువైతే కెమెరా పెంచే అంకె, పెరిగేకొద్దీ గ్రెయిన్ ఎక్కువ) 400. మబ్బు పట్టిన రోజు ఎఫ్/8, 1/1000కి ఐఎస్ఓ 1600 దగ్గర ఉంటారు, అదీ ఇబ్బంది కాదు. అనంతగిరిలో చెట్ల కింద, తెల్లవారిన తొలి అరగంటలో వెలుతురు దానికి ఇంకో నాలుగు స్టాపులు తక్కువ (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగం అవుతుంది). అక్కడ ఎఫ్/8తో 1/1000 కావాలంటే ఐఎస్ఓ 25,600 అడుగుతుంది, ఆర్10లో అది ఈకల వివరాలన్నిటినీ తినేస్తుంది. చేయాల్సింది షటర్ తగ్గించడమే. కూర్చున్న పిట్టకి 1/250 పెడితే ఐఎస్ఓ 6400కి దిగుతుంది. పిట్ట తల తిప్పుతూనే ఉంటుంది కాబట్టి పది పదిహేను ఫ్రేముల బర్స్ట్ (ఆపకుండా వరస ఫొటోలు) కొట్టి, తల నిలిచిన ఫ్రేము ఏరుకోవాలి. లెన్స్‌లో ఉన్న స్టెబిలైజర్ మీ చేతి వణుకును ఆపుతుంది, పిట్ట కదలికను ఆపదు. ఆర్10 బాడీలో స్టెబిలైజేషన్ లేదు కాబట్టి లెన్స్ మీది స్విచ్ ఎప్పుడూ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. అడవిలో పొద్దుటి వెలుతురే మీకు ప్రాణమైతే ఈ లెన్స్ మిమ్మల్ని తృప్తిపరచదు. అప్పుడు చూడాల్సింది కెనాన్ ఆర్‌ఎఫ్ 100-500: 1370 గ్రాములు, 70 మి.మీ., దుమ్ముకీ తుంపరకీ తట్టుకుంటుంది.

కెనాన్ పాత ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల కోసం చేసిన ఈఎఫ్ 400 ఎఫ్/5.6 సెకండ్ హ్యాండ్‌లో చౌకగా దొరుకుతుందని ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. గాజు మంచిదే. కానీ దాంట్లో స్టెబిలైజర్ లేదు, మీ బాడీలోనూ లేదు. లెన్స్ 1250 గ్రాములు, అడాప్టర్ ఇంకో 110. ఆర్10 మీద వద్దు.

సెట్టింగులు ఒకసారి పెట్టేసుకుంటే మళ్లీ మెనూ జోలికి పోనక్కర్లేదు. మోడ్ డయల్ మీది సీ1ని కూర్చున్న పిట్టలకి ఉంచండి: మాన్యువల్, ఎఫ్/8, 1/500, ఆటో ఐఎస్ఓ గరిష్ఠం 12,800, సర్వో ఫోకస్ (కదిలే పిట్టను వెంబడించేది), చిన్న పాయింటు. సీ2 ఎగిరే పక్షులకి: 1/2500, ఫోకస్ ఏరియా మొత్తం ఫ్రేము. రెండింటిలోనూ సబ్జెక్ట్ గుర్తింపు జంతువులకి, కన్ను గుర్తింపు ఆన్. ఫోకస్‌ని షటర్ బటన్ నుంచి తీసేసి వెనక ఉన్న ఏఎఫ్-ఆన్‌కి ఇవ్వండి. ఆకాశం మీద ఎగిరే గద్దకి ఎక్స్‌పోజర్ ప్లస్ 1, ఎండలో తెల్లకొంగకి మైనస్ మూడింట రెండు. షటర్ మెకానికల్‌లో గానీ ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్‌లో గానీ ఉంచండి. పూర్తి ఎలక్ట్రానిక్‌లో సెకనుకు 23 ఫ్రేములు వస్తాయి నిజమే, కానీ ఈ సెన్సార్ చదివే వేగానికి రెక్కలు వంకరపోతాయి. రా (RAW) ఫైలుగానే, అంటే కెమెరా మార్చని ముడి ఫైలుగానే తీయండి. ఎఫ్/8 లెన్స్ వాడేవాళ్లకి ఇప్పటి ఏఐ డినాయిజ్ (గ్రెయిన్ తగ్గించే సాఫ్ట్‌వేర్) ఒకటి రెండు స్టాపుల లాభం.

ఫొటో మెత్తగా వచ్చిందంటే వెంటనే లెన్స్‌ని తిట్టకండి. బర్స్ట్‌లోని ఫ్రేముల్ని వందశాతం జూమ్‌లో వరసగా చూడండి. గీతలన్నీ ఒకే దిశలో రెండుగా కనబడితే అది చేతి వణుకు. కొమ్మ సూదిలా ఉండి పిట్ట కన్ను మెత్తగా ఉంటే ఫోకస్ కొమ్మని పట్టింది, పాయింటు చిన్నది చేయాలి. శరీరం చక్కగా ఉండి తల, రెక్క మాత్రమే చెదిరితే షటర్ చాలలేదు. ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట మెత్తబడుతూ, అంచులు అలల్లా వంగుతూ ఉంటే అది వేడి గాలి. మన చెరువు గట్ల మీద ఎండాకాలంలో ఎనిమిదిన్నర దాటితే ఇది మొదలవుతుంది. దానికి 100-400 అయినా లక్షల లెన్స్ అయినా ఒకటే, దగ్గరికి వెళ్లడం తప్ప మందు లేదు. కారులోంచి తీసేటప్పుడు ఏసీ చల్లగాలి కిటికీ దగ్గర బయటి వేడితో కలిసినా ఇదే జరుగుతుంది. ఇంజిన్, ఏసీ రెండూ ఆపేసి, అద్దం దించి, నాలుగైదు నిమిషాలు ఆగండి. కిటికీ అంచు మీద ఆనించడానికి గట్టి గుడ్డ సంచిలో కిలోన్నర బియ్యం పోసి మూతి కుట్టేస్తే చాలు.

దగ్గరికి వెళ్లడం అన్నాను కాబట్టి ఇది కూడా: గూళ్ల దగ్గరికి వెళ్లొద్దు. 400 చాలలేదని గూడు కిందికి పోతే తల్లి లేచిపోతుంది, గుడ్లు ఎండకి మాడతాయి, కాకులు కనిపెడతాయి. నేలపట్టులో వాచ్ టవర్ మీంచి వచ్చినంతే మన వాటా. చెరువు దగ్గరైతే మీరు కదలకుండా నీడలో కూర్చుంటే లకుముకి తన అలవాటైన కొమ్మకి తానే తిరిగి వస్తుంది. తేలిక లెన్స్‌తో గంటసేపు అలా కూర్చోవడం సాధ్యం, దాని అసలు బలం అదే.

100-400కి హుడ్ (లెన్స్ ముందు తొడిగే గొట్టం) డబ్బాలో రాదు, విడిగా ఈటీ-74బి కొనాలి. ముందు గాజుకి రక్షణ అదే. చవక యూవీ ఫిల్టర్ పెట్టకండి, 400 దగ్గర పదును పోయేది ముందు దానివల్లే. 1.4 ఎక్స్‌టెండర్ తగులుతుంది, 560 ఎఫ్/11 అవుతుంది. కానీ 50 మి.మీ. రంధ్రం 50గానే ఉంటుంది, ఆర్10 పిక్సెళ్లు ముందే చిన్నవి, కాబట్టి క్రాప్‌తో వచ్చేదానికన్నా మీకు మిగిలేది చాలా తక్కువ. ఆ డబ్బు దాచుకోండి. లెన్స్‌కి వానని ఆపే రబ్బరు సీలింగ్ లేదు, బ్యాగులో ఒక ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండు ఉంచుకోండి.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే వెనక మూత తీసి ఫోన్ టార్చి వేసి ముందు నుంచి చూడండి. దుమ్ము రేణువులు ఉంటే పరవాలేదు. సాలెగూడు దారాల్లాంటివి కనబడితే ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీరపు ఊళ్ల నుంచి వచ్చిన లెన్సుల్లో మరీ జాగ్రత్తగా చూడాలి. తర్వాత గోడకి దినపత్రిక అంటించి 400, ఎఫ్/8, 1/1000లో పది మీటర్ల నుంచి ఐదు ఫొటోలు తీయండి. ప్రతిసారీ ఫోకస్ వదిలి మళ్లీ పట్టించండి. ఆ ఐదు ఫొటోల్లోనూ నాలుగు మూలలూ దాదాపు ఒకేలా ఉండాలి. ఒక పక్క మాత్రమే ఎప్పుడూ మెత్తగా ఉంటే లోపల గాజు పక్కకి ఒరిగింది, కింద పడిన లెన్స్ కావచ్చు. కొన్నాక ఇంట్లో గాలి దూరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్, చిన్న తేమ మీటరుతో పెట్టి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. జెల్ రంగు మారగానే వేయించి మళ్లీ వాడండి.