వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగిపోయే పాత ఓమ్నీ: స్పార్కా, పెట్రోలా?

మీది కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపేది) ఉన్న పాత మారుతి ఓమ్నీ వ్యాను, పొద్దున సెల్ఫ్ కొట్టగానే అందుకుంటోంది, బాగా వేడెక్కాక మన వైజాగ్ మద్దిలపాలెం, హనుమంతవాక సిగ్నళ్ల దగ్గర స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఆడుతున్నప్పుడు) ఆగిపోతోంది, కాసేపాగి కొడితే మళ్లీ స్టార్ట్ అవుతోంది, మెకానిక్కేమో కార్బురేటర్ సర్వీస్ చేయించమన్నాడు. అంతే కదండీ? డబ్బులు పెట్టేముందు ఒక్కటి తేల్చుకోండి: ఆగిపోయిన ఆ నిమిషంలో పోయింది స్పార్కా, పెట్రోలా. చల్లారాక షెడ్డుకు తోలుకెళ్తే అక్కడ అన్నీ బాగానే ఉంటాయి, ఎంత మంచి మెకానిక్ అయినా ఊహించి పార్టులు మార్చాల్సిందే.

నడిరోడ్డు మీద ఆ పని కుదరదు కాబట్టి ఓ చుట్టు తిరిగొచ్చి, ఇంటి ముందు ఆరుబయట నిలిపి, స్లోలో వదిలేయండి. ఆగగానే ముందు సీటు ఎత్తండి, ఇంజన్ దాని కిందే. ఒక ప్లగ్ వైరు పీకి స్పేర్ ప్లగ్‌కి తగిలించి, ప్లగ్ ఒంటిని ఇంజన్ ఇనుముకి ఆనించి ఇంకొకర్ని సెల్ఫ్ కొట్టమనండి (వైరుని రబ్బరు పిడి ఉన్న ప్లయర్‌తోనే పట్టుకోండి, లేదంటే చెయ్యి జిల్లుమంటుంది). టప్ టప్‌మని నీలంగా పడితే స్పార్క్ బాగున్నట్టే. పసుపుగా నీరసంగా పడినా, అసలు పడకపోయినా నా అనుమానం కాయిల్ (బ్యాటరీ కరెంటుని స్పార్క్‌కి సరిపడా పెంచేది) మీదే.

ఎందుకంటే మా బండిది అచ్చం ఇదే జబ్బు. నాన్న టిఫిన్లు సప్లై చేసే బండి, ఆగిందంటే ఇడ్లీలు చల్లారిపోతాయని ఇంట్లో అందరికీ టెన్షన్. కార్బురేటర్ విప్పి కడిగారు, ప్లగ్గులు మార్చారు, ఏం లాభం లేదు. ఆగినప్పుడు చూస్తే స్పార్క్ దారప్పోగంత సన్నగా, పసుపుగా ఉంది. తాళం తీసేసి కాయిల్ మీద తడిగుడ్డ వేసి కాసేపు ఉంచితే అందుకుంది. పాతబడ్డ కాయిల్ లోపలి తీగచుట్ల ఇన్సులేషన్ వేడికి తట్టుకోక లోపలే షార్ట్ అవుతుంది, చల్లారితే మళ్లీ మామూలే. కాయిల్ మార్చాక సింహాచలం ఘాట్ ఎక్కినా ఆగలేదు.

స్పార్క్ బాగుంటే అప్పుడు పెట్రోల్ వైపు రండి. తాళం ఆపేసి, ఎయిర్ క్లీనర్ గొట్టం తీసి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లివర్ చేత్తో లాగండి. సన్నటి ధార చిమ్మాలి (సిగరెట్ లాంటివి దగ్గరికి రానివ్వకండి). చిమ్మకపోతే ఫిల్టర్, పంపు చూడండి, దానికన్నా ముందు ట్యాంకు మూత తిప్పండి, బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలో గాలి రంధ్రం పూడుకుపోయినట్టు. ధార బాగానే వచ్చినా స్లోలో నిలబడట్లేదంటే స్లో జెట్‌లో (స్లోలో పెట్రోల్ వచ్చే సన్న రంధ్రంలో) మట్టో, వాక్యూమ్ పైపుల్లో చీలికో ఉంటుంది. ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, ఆ కాలం రబ్బరు పైపులు దానికోసం చేసినవి కావు, ఒక్కోటి వంచి చూడండి.

బండి సముద్రం వైపు నిలిపేవాళ్లయితే బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు కూడా విప్పి చూడండి. మన ఉప్పుగాలికి బోల్టు కింద తెల్లగా, పచ్చగా పొక్కు కడుతుంది, ఉప్పుకాగితంతో గీకి బిగిస్తే చాలు.

కాయిలే అని తేలితే ఆటోనగర్‌కి పాతది చేత్తో పట్టుకెళ్లండి. రెసిస్టర్‌తో నడిచే కాయిల్ వేరు, లేకుండా నడిచేది వేరు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రెసిస్టర్‌తో (కరెంటు తగ్గించే ముక్కతో) నడవాల్సిన దాన్ని అది లేకుండా బిగిస్తే కొత్తది కూడా వేడెక్కి కాలిపోవచ్చు.