ముసిముసికీ కిసుక్కుకీ మధ్య: ఒక యువ రచయితకు లేఖ

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. పూర్ణామార్కెట్ బేరాలూ, జగదాంబ కూడలిలో బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్ల మాటలూ నీ చెవికి బాగా పట్టాయి. అయితే అందులో పెళ్లికూతురు ముసిముసిగా నవ్వింది, ఆమెను ఎగతాళి చేసిన తోడికోడలూ ముసిముసిగా నవ్వింది, లంచం పుచ్చుకున్న గుమాస్తా కూడా ముసిముసిగానే నవ్వాడు. ఈ ఒక్క మాట గురించే రాస్తున్నాను. తక్కినవి కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

పకపక, కిలకిల వంటివి చెవికి వినబడ్డ చప్పుడును పట్టుకుని పుట్టిన ధ్వన్యనుకరణాలు. ముసిముసికి అలాంటి చప్పుడు లేదు. మిలమిలలో మెరుపునూ, చిమచిమలో చర్మం మీది మంటనూ మాటగా మలచుకున్నట్టే, పెదవుల వెనుక అణిగి ఉన్న సంతోషాన్ని ఈ జంటమాటలో పెట్టుకున్నాం. జంటగా సాగే మాట కనుక ఆ నవ్వు కూడా కాసేపు నిలుస్తుంది. కిసుక్కు అలాంటిది కాదు. చటుక్కున, పుటుక్కున అన్నప్పటిలాగే అందులో తటాలున జరిగిపోయిన పని ఉంది. ఆపుకోబోయిన నవ్వు ఆగక బయటపడిన క్షణం అది. నీ తోడికోడలికి కావలసింది ఆ మాటే. గుమాస్తా అయితే పళ్లు బయటపెట్టి ఇకిలించాలి.

భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో నవ్వును స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు విధాలుగా చెప్పాడు. స్మితంలో చెక్కిళ్లు కొద్దిగా వికసిస్తాయి, పళ్లు కనబడవు. హసితంలో కొంచెం కనబడతాయి. ఉపహసితానికి వచ్చేసరికి ముక్కుపుటాలు ఉబ్బి, చూపు వంకరపోయి, తలా భుజాలూ వంగుతాయి. మొదటి రెండూ ఉత్తములకు, చివరి రెండూ అధములకు అన్న ఆయన పంపకం నాకు రుచించదు (మన ఫిషింగ్ హార్బరులో పొద్దున్నే వినబడే నవ్వులను అధమమని ఎవరనగలరు?), కానీ నవ్వును శరీరంలో ఎక్కడెక్కడ వెతకాలో ఆయన చూపించిన తీరు కథకుడికి ఎంతో అక్కరకు వస్తుంది.

ముసుగు వేసుకున్న నవ్వే ముసిముసి నవ్వని టీచరమ్మ చేత చెప్పించావు. వినడానికి ముచ్చటగానే ఉంది. కానీ రెండు మాటల మొదళ్లు ఒకేలా వినిపించినంత మాత్రాన అవి చుట్టాలైపోవు. పాత ప్రయోగాలూ, సోదర భాషల రూపాలూ సాక్ష్యం పలకాలి. కన్నడంలోనూ ‘ముసిముసి నగు’ ఉంది కనుక, తెలుగు ఒక్కదానిలోనే వెతికి వ్యుత్పత్తి తేల్చడం కుదరదు.

ఇంగ్లీషు కథలు అనువదిస్తున్నావు కనుక మరొక మాట. అక్కడి ‘చకిల్’ కోడిపెట్ట కూతను అనుకరించే ‘చక్’ నుంచి వచ్చింది. ఇప్పుడది లోలోపల నవ్వుకోవడమే అయినా, 1755 నాటి శామ్యూల్ జాన్సన్ నిఘంటువు దానికి ఉద్ధృతంగా నవ్వడమనే అర్థం ఇచ్చింది. పాత కథలో ఆ మాట కనబడగానే ముసిముసి అని రాసేయక, ఆ కథ ఏ కాలానిదో చూసుకో.

టీచరమ్మ మాటను కొట్టివేయనక్కరలేదు. పాత్ర ఊహకు శాస్త్రం అడ్డు రాదు. ‘మరి ముసురుకు కూడా ముసుగు ఉందా, టీచర్?’ అని వెనక బెంచీ పిల్ల చేత అడిగించు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి