పన్ను కట్టనంటున్న సుధీర్‌కి

చిరంజీవి సుధీర్‌కి పెద్దమ్మ ఆశీస్సులు.

అమెరికా చేసే యుద్ధానికి నా డబ్బు ఇవ్వను, ఈసారి పన్ను ఆపేస్తాను, ఊరేగింపుకి పోస్టర్ కూడా చేస్తున్నాను అని రాశావు. ముందు పోస్టర్ గురించి చెప్తాను, అది తేలిక.

నువ్వు పంపిన నమూనాలో మాటలు మరీ ఎక్కువ. 2003 ఫిబ్రవరిలో, ఇరాక్ యుద్ధానికి ముందు, శాన్‌ఫ్రాన్సిస్కోలో మేం నడిచినప్పుడు చూశాను: కారులో పోయేవాడి కంటికి ఐదారు మాటలకి మించి ఆనవు. 1960ల్లో లొరెయిన్ ష్నైడర్ అనే చిత్రకారిణి పసుపు నేల మీద ఒక పొద్దుతిరుగుడు పువ్వు వేసి, పిల్లలకీ ఇతర ప్రాణులకీ యుద్ధం ఆరోగ్యం కాదని ఒక్క వాక్యం రాసింది. ఈనాటికీ ఆ పోస్టర్ పట్టుకునేవాళ్లున్నారు. ఖరీదైన అట్ట కొనకు. 1970లో బర్క్‌లీ విద్యార్థులు వాడేసిన కంప్యూటర్ కాగితాల వెనకవైపే అచ్చు వేశారు. నువ్వు హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నావు కాబట్టి ఫుట్‌పాత్ దిగకు, అరెస్టయ్యే పనులు సిటిజెన్లకి వదిలెయ్.

ఇక పన్ను. 1921-22లో పెదనందిపాడు రైతులు శిస్తు కట్టబోమన్నారని నువ్వే గుర్తుచేశావు. అక్కడ ఊళ్లకి ఊళ్లు కలిసి ఎదురు తిరిగాయి, గ్రామోద్యోగులు రాజీనామాలు ఇచ్చారు. పైగా శిస్తు రైతు చేతి మీదుగా పోవాలి. నీ పన్ను జీతంలోంచి ముందే కోసేసుకుంటున్నారు, ఆపడానికి నీ చేతిలో ఏముంది? జీతంలోంచి ఎంత పన్ను కొయ్యాలో యజమానికి చెప్పే డబ్ల్యూ-4 ఫారంలో అబద్ధం రాస్తే 500 డాలర్ల జరిమానా. రిటర్న్‌లో 'యుద్ధ పన్ను మినహాయింపు' అని సొంతంగా ఒక లైను చేరిస్తే 5,000. మత విశ్వాసం పేరు చెప్పినా పన్ను తప్పదని 1982లోనే సుప్రీంకోర్టు ఆమిష్ అనే క్రైస్తవ శాఖకి చెందిన ఒక యజమాని కేసులో తేల్చేసింది.

అయినా ఆపినవాళ్లున్నారు, వాళ్లంటే నాకు గౌరవం. గాయని జోన్ బేజ్ 1964లో తన పన్నులో 60 శాతం కట్టనని బహిరంగంగా చెప్పింది. మసాచుసెట్స్‌లోని కోల్‌రెయిన్‌లో ర్యాండీ కేలర్, బెట్సీ కార్నర్ దంపతులు ఏళ్ల తరబడి ఫెడరల్ పన్ను ఆపి, ఆ డబ్బు సేవా సంస్థలకి ఇచ్చారు. 1989లో వాళ్ల ఇల్లు ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. దాచిపెట్టి ఎగ్గొట్టినవాడికీ వీళ్లకీ తేడా అదే: చేసేది చెప్పి చేశారు, వచ్చింది భరించారు. వాళ్లని ఈ దేశంలోంచి ఎవరూ పంపించలేరు. నీ గ్రీన్‌కార్డు ఫైలు ఇంకా నడుస్తోంది, రేపు సిటిజెన్‌షిప్ దగ్గర పన్నుల చరిత్ర అడుగుతారు.

కాబట్టి ఈ ఏడు రిటర్న్ వేళకి వేసెయ్, పన్ను మొత్తం కట్టు. వెయ్యకపోతే కట్టాల్సినదాని మీద నెలకి 5 శాతం పడుతుంది. అదే రోజు మీ కాంగ్రెస్ సభ్యుడికి పేరూ ఊరూ పెట్టి ఉత్తరం రాయి. పన్నులో సైనిక వాటాని శాంతి పనులకి మళ్లించే బిల్లు 1972 నుంచి మళ్లీ మళ్లీ వస్తోంది, పాసవలేదు. దానికి మద్దతివ్వమని అడుగు. చేతనైనంత సొమ్ము శరణార్థులకి పంపు.

ఉత్తరం చిత్తుప్రతి నాకు పంపు, దిద్దిపెడతాను. ఊరేగింపు సంగతి మాత్రం మీ అమ్మకి నువ్వే చెప్పు. నా మీదకి నెట్టకు, దాని టెన్షన్ నేను పడలేను.

మీ పెద్దమ్మ