ఆ ఒకటిన్నర పేజీ గురించి

చిరంజీవికి,

నీ కథ రెండుసార్లు చదివాను. శత్రువు మీదికి ఎత్తిన తుపాకిని దించేసిన నీ సిపాయి, ఎందుకు దించాడో ఒకటిన్నర పేజీ పాటు తనే చెప్పుకున్నాడు. ఆ భాగం కొట్టెయ్యమంటున్నాను. కారణం చెప్పాలంటే ఒక స్పెయిన్ నవలను తలచుకోవాలి.

హవియేర్ సెర్కాస్ 2001లో వెలువరించిన ‘సోల్దాదోస్ దె సలామీనా’కు స్పెయిన్ అంతర్యుద్ధ కాలపు ఉదంతం ఒకటి ఆధారం. 1939 జనవరి చివరిలో, ఫ్రాన్సు సరిహద్దు వైపు వెనుదిరుగుతున్న రిపబ్లికన్ (ఓడిపోతున్న ప్రభుత్వ పక్షపు) సైనికులు కాటలోనియాలోని కొలెల్ మఠం దగ్గర ఖైదీలను కాల్చి చంపుతుండగా, వారికి శత్రువైన ఫాసిస్టు ఫలాంజ్ పార్టీ వ్యవస్థాపకులలో ఒకడైన రఫాయెల్ సాంచెజ్ మాసాస్ తప్పించుకుని అడవిలో దాక్కున్నాడు. వెతుకుతూ వచ్చిన సైనికుడొకడు అతని కళ్లలోకి చూసి, ఇక్కడెవరూ లేరని తోటివారికి కేకవేసి వెళ్లిపోయాడు. ఆకాశవాణి పలకలేదు, దేవుడు ప్రత్యక్షం కాలేదు. వాన, బురద, ఇద్దరు మనుషులు.

ఆ చూపులో ఏముందని నవలంతా వెతికిన కథకుడు, చివరకు ఫ్రాన్సులోని దిజోన్ వృద్ధాశ్రమంలో మిరాయెస్ అనే ముసలి సైనికుణ్ణి పట్టుకుని, అది మీరే కదా అని అడుగుతాడు. కాదంటాడు ముసలాయన. నవల అంతకుమించి తేల్చదు. అయితే ప్రాణం నిలిపిన ఆ కుర్రవాడు అంతకుముందు మఠం తోటలో తుపాకిని ప్రియురాలిలా పొదువుకుని ‘సుస్పీరోస్ దె ఎస్పాన్యా’ పాటకు అడుగులు వేయడం ఖైదీలు చూశారు. ఏళ్ల తరువాత మిరాయెస్ కూడా అదే పాటకు నాట్యం చేశాడు. కారణం ఉండవలసిన చోట సెర్కాస్ ఒక పాటను ఉంచాడు. ఇంతకీ నన్ను ఎక్కువగా కదిలించింది ఆ చూపు కాదు. యవ్వనంలోనే పోయిన తన స్నేహితుల పేరు ఏ వీధికీ పెట్టరని మిరాయెస్ బాధపడటం.

ఈ మౌనం స్పెయిన్ వారికి కొత్త కాదు. రచయిత ఉనమునో 1931లో ప్రచురించిన ‘సాన్ మాన్వెల్ బ్వేనో, మార్తిర్’లో, పరలోకం మీద నమ్మకం లేని పూజారి జనంతో కలిసి విశ్వాస ప్రమాణం చదువుతూ, నిత్యజీవాన్ని నమ్ముతున్నాననే మాట దగ్గరకు రాగానే ఆగిపోతాడు, ఊరివారి గొంతుల్లో ఆయన గొంతు మునిగిపోతుంది. తన సంశయాన్ని దాచుకుని ఊరి నమ్మకాన్ని కాపాడటమే ఆయన సాహసం.

నీ సిపాయి తుపాకి దించేముందు మెడ మీది చీమను దులుపుకున్నాడని ఒక వాక్యం రాశావు. దాన్ని ముట్టుకోకు. తిరగరాసిన ప్రతిని దసరాలోపు పంపు.

ఆశీస్సులతో.