అమ్మాయి అణ్వాయుధాల సేఫ్టీలో చేస్తానంటోంది, ఒప్పుకోవాలా?

ప్రశ్న: భూపాలపల్లిలో సింగరేణి బొగ్గు గనిలో ఓవర్‌మన్‌ని (షిఫ్టులో పనినీ, మనుషుల భద్రతనూ చూసుకునే సూపర్‌వైజర్‌ని). మా అమ్మాయి హన్మకొండలో బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. అమెరికాలో 1980లో జరిగిన ఏదో క్షిపణి ప్రమాదం గురించి చదివిన దగ్గర్నుంచి అణ్వాయుధాల సేఫ్టీలో పనిచేస్తానని పట్టుబట్టింది. రేడియేషన్ అంటే ప్రమాదం కదా, రేపు సంబంధాలు వస్తాయా? ముంబైలో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) మేలా, అమెరికాలో న్యూక్లియర్ ఎమ్మెస్ చేయించడం మేలా?

జవాబు: ప్రమాదమా అని అడిగారు గానీ, మీ ఉత్తరం బరువంతా సంబంధాల దగ్గరే ఉంది. మైనింగ్ తీసుకుంటానన్న అమ్మాయిల తండ్రులూ, నేవీకి వెళ్తానన్న పిల్లల తండ్రులూ నా దగ్గరికి ఇదే గాబరాతో వస్తారు. కాబట్టి ముందు దాన్ని తేల్చేద్దాం.

రేడియేషన్ ఉన్న చోట పనిచేసేవాళ్లకు ఒంటిమీద రేడియేషన్ కొలిచే బ్యాడ్జి ఉంటుంది, ఎంత సోకిందో ఆ డోసు లెక్క రాస్తారు. మన దేశంలో పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (డోసును కొలిచే యూనిట్), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. గర్భం అని చెప్పిన ఆడవాళ్లకు ఇంకా కఠినమైన నియమాలున్నాయి. పైగా సేఫ్టీ విశ్లేషణ చేసేవాళ్లకు ఎక్కువ పని కాగితాల మీద, కంప్యూటర్ ముందు. అండర్‌గ్రౌండ్‌లో పనిచేసే మీకు పిల్లనిచ్చినవాళ్లు ఉన్నారు కదా సార్. లెక్కలు చూసుకునే ఇంజినీరుకు సంబంధం దొరకదని దిగులా? మీరు షిఫ్టుకు దిగిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లు ఎంత భయపడ్డారో ఒకసారి వాళ్లనే అడగండి. ఆ భయంతోనే మీ అమ్మాయిని చదివించారు.

అమ్మాయి చదివింది అమెరికాలోని అర్కన్సా రాష్ట్రంలో డమాస్కస్ అనే ఊరి దగ్గరి టైటాన్-2 క్షిపణి ప్రమాదం అయ్యుంటుంది. 1980 సెప్టెంబరు 18 సాయంత్రం. భూమిలోపల క్షిపణిని నిలబెట్టే గొయ్యిలో, అంటే సైలోలో, మెయింటెనెన్స్ చేస్తున్న కుర్రాడి చేతిలో రెంచి నుంచి సాకెట్ ఊడి జారింది. డెబ్బై అడుగులకు పైగా కిందికి పడి, తగిలి ఎగిరి, ఇంధనం ట్యాంకుకు చిల్లు పెట్టింది. తెల్లవారకముందే సైలో పేలిపోయింది, ఒకరు చనిపోయారు. 9 మెగాటన్నుల వార్‌హెడ్ (క్షిపణి మొనలోని అణుబాంబు) ఎగిరి బయటపడింది గానీ పేలలేదు. అసలు ఆ పనికి బిగువు కొలుస్తూ తిప్పే టార్క్ రెంచి వాడాలని రూలు. దాన్ని తెచ్చుకోవడం మరిచిపోయి, చేతిలో ఉన్న మామూలు రాచెట్ రెంచితో కానిచ్చేద్దామనుకున్నారు.

2007లో అమెరికాలోనే ఇంకో చోట ఆరు క్షిపణుల్లో వార్‌హెడ్లు ఉన్నాయో లేవో చూడకుండానే విమానానికి తగిలించి, నార్త్ డకోటా నుంచి లూసియానాకు తీసుకెళ్లారు. వాటిలో నిజమైన అణు వార్‌హెడ్లు ఉన్నాయని ఒకటిన్నర రోజు దాకా ఎవరికీ తెలియలేదు. ఏమీ పేలలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా మరుసటి ఏడాది వైమానిక దళం పెద్దలిద్దరి పదవులు పోయాయి.

మీ అమ్మాయి చేస్తానంటున్నది ఇలాంటి చిన్న పొరపాట్లను ముందే పట్టుకునే పని. ఇది మీకు కొత్తదా? మనుషుల్ని లోపలికి పంపేముందు రూఫ్ తట్టి చప్పుడు వినడం, గ్యాస్ చూడడం, రిపోర్టు బుక్కులో సంతకం పెట్టడం మీ రోజువారీ పనే. టార్గెట్ పోతుందని పైవాళ్లు అరుస్తున్నా మనుషుల్ని వెనక్కి పిలిచిన రోజు మీకూ ఉండే ఉంటుంది. ఆ గుణం అమ్మాయికి ఉందా లేదా అన్నది నాకంటే మీకే బాగా తెలుస్తుంది. పెద్దసారు ముందు ‘ఆపండి’ అనలేని పిల్లకు గేట్‌లో (బీటెక్ తర్వాత రాసే పరీక్ష, బార్క్ కూడా దాని స్కోరు చూస్తుంది) ఎంత ర్యాంకు వచ్చినా ఈ పని కుదరదు.

ఇక అమ్మాయికి నేను చెప్పేది. ‘అణ్వాయుధ సేఫ్టీ ఇంజినీరు’ అని ఎవరూ నోటిఫికేషన్ ఇవ్వరు. బార్క్ ట్రైనింగ్ స్కూల్లో సీటొస్తే ఏడాది శిక్షణ తర్వాత సైంటిఫిక్ ఆఫీసర్ అవుతుంది. ఎక్కడ వేస్తారన్నది వాళ్లిష్టం. ముంబై కావచ్చు, కల్పాక్కం కావచ్చు, మన హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ కావచ్చు. మణుగూరు దగ్గరి భారజల (రియాక్టర్లలో వాడే బరువైన నీరు) కర్మాగారమూ అణుశక్తి శాఖదే. అక్కడి అసలు భయం రేడియేషన్ కాదు, హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్. తక్కువగా ఉంటే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, ఎక్కువైతే ముక్కు పనిచేయడం మానేస్తుంది, కంపు కూడా తెలియదు. అక్కడ వేసినా అదీ సేఫ్టీ పనే, ఆయుధాల్లో వేయలేదని అమ్మాయి అలగకూడదు.

ఒక అనుమానం మాత్రం నాకుంది, దాచను. అణు కేంద్రాల సేఫ్టీని పర్యవేక్షించే అణుశక్తి నియంత్రణ మండలి 1983లో వచ్చింది. 2000లో బార్క్‌ను దాని పర్యవేక్షణ నుంచి తప్పించి, సేఫ్టీ బాధ్యతను బార్క్ లోపలి కమిటీలకే అప్పజెప్పారు. అమెరికాలో ఆయుధ కేంద్రాల మీద 1988 నుంచి ఒక స్వతంత్ర బోర్డు ఉంది. దానికి సలహాలివ్వడమే తప్ప ఆపేసే అధికారం లేదు, కానీ రాసింది జనం చదవొచ్చు. ఇక్కడ మీ అమ్మాయి రాసింది మీరు కూడా చదవలేరు. చేసిన మంచి పని ఎవరికీ తెలియకపోయినా ముప్పై ఏళ్లు ఉండగలదా? ఇది ఆమె ఒక్కతే కూర్చుని ఆలోచించుకోవాలి. మీరు పక్కన నిలబడి తొందరపెట్టకండి.

ఇక ఎమ్మెస్. వరంగల్‌లో ఏ వీధిలో చూసినా కన్సల్టెన్సీ బోర్డే. న్యూక్లియర్ అనగానే వాళ్లు అమెరికా అణ్వాయుధ ల్యాబులైన లాస్ అలమోస్, లివర్‌మోర్ ఫొటోలు చూపిస్తారు. ఆ ల్యాబుల్లో ఆయుధాల పనికి కావలసిన రహస్య సమాచార అనుమతి (క్లియరెన్స్) అమెరికా పౌరులకే ఇస్తారని మాత్రం చెప్పరు. అంటే పొలమో ప్లాటో తాకట్టు పెట్టి లక్షలు పోసినా, అమ్మాయి ఏ పని కోసం వెళ్తోందో ఆ గడప తొక్కనివ్వరు. రియాక్టర్ల పనో, మెడికల్ ఫిజిక్సో ఆమెకు ఇష్టమైతే వెళ్లనివ్వండి, అది వేరే మాట. కానీ ఎమ్మెస్, రెండేళ్ల ఉద్యోగం అయ్యాక తిరిగొచ్చి బార్క్‌కు రాస్తానంటే, జనరల్ కేటగిరీకి వయసు 26తో ఆగిపోతుంది. పక్కింటివాళ్ల కొడుకు డల్లాస్‌లో ఉన్నాడని మీ అమ్మాయిని పంపడం నాకు సుతరామూ నచ్చదు.

పోలిక అడిగారు కాబట్టి: ఈ ఆశకు బార్క్ దారి సరిపోతుంది, సీటు రావడం కష్టం. శిక్షణలో డబ్బు మీరు కట్టక్కర్లేదు, వాళ్లే స్టైపెండ్ ఇస్తారు, తర్వాత మూడేళ్లు చేయాలని బాండు ఉంటుంది. అంతే.

రాకపోతే? చదివిన ప్రమాద విశ్లేషణ ఎక్కడికీ పోదు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఫార్మా సరుకు తయారుచేసే ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా చనిపోయారు. అలాంటి ఫ్యాక్టరీలకు, రామగుండం ఎరువుల ప్లాంటుకు, మీ సింగరేణికి కూడా ఇలా ఆలోచించే ఇంజినీర్లు కావాలి. ఫైర్ అండ్ సేఫ్టీ పేరుతో ఆరు నెలల సర్టిఫికెట్లు అమ్మే చోట మాత్రం చేర్చకండి.

గేట్ దరఖాస్తు ఆమెనే నింపుకోనివ్వండి. ఫోన్ నంబరు దగ్గర మీది కాదు, ఆమెది పెట్టుకోనివ్వండి.