నలుగురు కలిసి తోలు పని మొదలుపెడుతున్న మేనకోడలికి

చిరంజీవి కోడలికి మీ అత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వూ, నీ స్నేహితురాళ్ళు ముగ్గురూ కలిసి అనంతపురంలో సాయినగర్ వైపు ఇల్లు అద్దెకు తీసుకుని తోలు దీపాలు, గోడకు తగిలించే బొమ్మలు, చెవి కమ్మలు చేసి అమ్మబోతున్నారట. చెప్తున్నంతసేపూ మీ అమ్మ గొంతులో భయమే. నాకు మాత్రం ముందు సంతోషం వేసింది. మన ఇంట్లో తోలుబొమ్మలకు ఉలి పట్టే చెయ్యి మీ నాన్నతో ఆగిపోతుందేమో అనుకుంటూ ఉన్నా ఇన్నాళ్ళూ. పడుకున్నాక టెన్షన్ మొదలైంది. ఇక నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. నీ స్నేహితురాళ్ళకు కూడా చదివి వినిపించు.

అద్దె అగ్రిమెంటు రాయించుకోండి. కొన్నదానికీ అమ్మినదానికీ బిల్లులు దాచండి. కేంద్ర హస్తకళల శాఖ చేతిపనివాళ్ళకు గుర్తింపుగా ఇచ్చే పెహచాన్ కార్డుకు నలుగురూ విడివిడిగా అప్లై చేయండి, సర్కారు వాళ్ళు పెట్టే మేళాల్లో స్టాల్ అడగాలంటే అది ఉండాలి. ఇవి మీకు నాకంటే బాగా తెలుసు.

తెలియనివి చెప్తా. ఆ ఇంట్లో ఎలుకలున్నాయా? నవ్వకు. మనం వాడేది చెప్పులకు వాడే తోలులా టానరీలో పదును చేసింది కాదు. మేక చర్మాన్ని నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలూ లోపలి పొరా గీకేసి, లాగి మేకులు కొట్టి ఆరబెట్టిన పచ్చి తోలు. అందుకే దాంట్లోంచి వెలుగు పారుతుంది. అందుకే ఎలుకకూ కుక్కకూ అది తిండి కూడా. రాత్రికి రాత్రి రావణాసురుడి బొమ్మ పది తలల్లో మూడు మాయమైన ఇల్లు మనది. మూత ఉన్న రేకు పెట్టె కొనేదాకా ఒక్క తోలు కూడా ఆ ఇంట్లో పెట్టొద్దు.

ఎవరైనా వచ్చి మా తాతలనాటి జింక తోలు ఉంది, చవగ్గా ఇస్తామంటే గుమ్మం దాటనివ్వకండి. పూర్వం దేవుళ్ళ బొమ్మలకు జింక తోలు వాడేవాళ్ళు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ మాటే లేదు. ఆడపిల్లలు నలుగురు కేసులో ఇరుక్కుంటారేమోనని నా భయం.

ఇక కళ్ళు. మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, చివరి రోజుల్లో సూదిలో దారం ఎక్కించలేక నన్ను పిలిచేది. వయసులో ఉన్నప్పుడు దీపం బుడ్డి ముందు కూర్చుని రాత్రిళ్ళు ఉలితో తోలుకు రంధ్రాలు కొట్టిన మనిషి ఆమె. ఆ పనివల్లే చూపు పోయిందని డాక్టరు అనలేదు. నాకు మాత్రం ఆ దీపం బుడ్డే గుర్తొస్తుంది. ఎడమ వైపు నుంచి వెలుతురు పడేలా కిటికీ దగ్గర కూర్చో. చీకటి పడ్డాక ఉలి పట్టకు. రాత్రికి కావాలంటే లెక్కలు రాసుకోండి, తోళ్ళు గీక్కోండి. ఆర్డరు తొందరగా ఉందని చెప్తే నేను వినను.

దీపాల్లో పాత గుండు బల్బు పెట్టొద్దని చీటీ రాసి ప్రతి దానికీ కట్టండి. ఆ వేడికి తోలు ముడుచుకుంటుంది, రంగు మాడుతుంది. ఎల్‌ఈడీ అయితే ఫరవాలేదు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు వస్తువే అనే ముద్ర, వచ్చింది కదా అని ఆ ముద్రను మీ లేబుల్ మీద వేసేయకండి. వాడుకునే హక్కు కోసం రిజిస్టర్ అవ్వాలి, అయ్యాకే వేయండి. తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించిన రోజు మీ నాన్న టీవీ ముందునుంచి లేవలేదు. "మన పనికి ఇచ్చారు" అన్నాడు. అన్నం తినడం కూడా మర్చిపోయాడు. తోలుబొమ్మల పేరు వాడుకునేటప్పుడు అది గుర్తుంచుకోండి.

డబ్బు సంగతి కాగితం మీద పెట్టండి. స్నేహితులం, మాకెందుకు కాగితం అంటారు మీరు. మా ఎదురింటి వకీలుగారిని అడిగాను. ఏమీ రాసుకోకపోతే 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం లాభం అందరికీ సమానమేనట. వ్యాపారం పేరుతో ఒకరు అప్పు చేస్తే తీర్చాల్సిన బాధ్యత అందరిదట. నా లెక్క ఏమిటంటే, కూలీ వేరు, లాభం వేరు. ఎవరు ఎన్ని గంటలు కూర్చున్నారో దానికి కూలీ ముందు తీసేయండి. తుడిచిన గంట, పార్సిల్ కట్టిన గంట, ఫోటోలు తీసి ఫోన్లో కస్టమర్లకు జవాబు చెప్పిన గంట కూడా పనే. మిగిలింది నలుగురూ సమానంగా పంచుకోండి. వస్తువు మీద నలుగురి పేర్లూ ఉండాలి. గీసింది ఎవరు, కొట్టింది ఎవరు, రంగు వేసింది ఎవరు, కుట్టింది ఎవరు, అన్నీ ఒకే సైజు అక్షరాల్లో.

ఇక మీ నాన్న సంగతి. ఇది రాయనా వద్దా అని పొద్దున ఆయనకే ఫోన్ చేసి అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "రాయి, నాకు చెప్పడం రాదు" అన్నాడు.

నీకు ఊహ తెలియక ముందు మీ నాన్నకు ఒక స్నేహితుడు ఉండేవాడు. మన ఊరే, మన తోలుబొమ్మలాట మేళమే. ఆయన చేతిలో గీత ఉండేది, మీ నాన్న చేతిలో ఉలి. హనుమంతుడి తోకకూ సీతమ్మ చీర అంచుకూ ఆయన ఎంత సన్నని అల్లిక గీసేవాడంటే, మీ నాన్న చూసి "ఇది మనిషి కొట్టేదేనా" అని తిట్టేవాడు. తిట్టుకుంటూనే కొట్టేవాడు. తర్వాతి బొమ్మకు ఆయన ఇంకా సన్నగా గీసేవాడు. మన పెట్టెలో ఉన్న సీతమ్మ ఆ రోజుల్లోదే. దాని మీద కొత్త తోలు పరిచి గీత ఎత్తుకోబోయి నువ్వు రెండు సార్లు వదిలేశావు, గుర్తుందా?

సినిమా, ఆ తర్వాత టీవీ వచ్చాక ఊళ్ళలో తెల్లవార్లూ కూర్చుని ఆట చూసేవాళ్ళు తగ్గారు. వీళ్ళిద్దరూ దీపాలకు మారారు. ఒక పెద్ద ఊరి దుకాణం వాళ్ళు దీపావళికని ఆర్డరు ఇచ్చారు. అంత పెద్ద ఆర్డరు మన ఇంట్లో అంతకుముందు లేదు. మీ నాన్న అప్పు చేసి తోళ్ళు తెచ్చాడు. మన జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఆ ఎండే మన పనిని కాపాడుతుంది. అయితే వచ్చే వానలో చాలా భాగం సెప్టెంబరు, అక్టోబరులోనే వస్తుంది, దీపావళి ఆర్డర్లు కూడా అప్పుడే. ఆ యేడు ముసురు పట్టి వదల్లేదు.

తోళ్ళు సరిగా ఆరలేదు. ఆ స్నేహితుడు ఒక్కో తోలు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. చల్లగా తగిలింది. చల్లగా తగిలితే లోపల చెమ్మ ఉన్నట్టే, ఇది మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా నోరు విప్పలేదు. అప్పు చేసి తెచ్చినవాడి మనసు కష్టపెట్టడం ఎందుకు అనుకున్నాడు. ఇటు మీ నాన్న, ఆయన తొందరలో రంగు చిక్కగా పూసి తను కొట్టిన రంధ్రాలు పూడ్చేస్తున్నాడని చూశాడు. ఆయన ఇంట్లో బిడ్డకు జ్వరం, ఇప్పుడేమంటాంలే అని ఊరుకున్నాడు. నెల రోజులు పక్కపక్కనే కూర్చుని, ఒకే చెంబుతో నీళ్ళు తాగుతూ, ఇద్దరూ మొహమాటపడ్డారు. ఇద్దరిదీ మంచితనమే తల్లీ, దాన్ని నేను తప్పు పట్టలేను.

దీపాలను ప్లాస్టిక్ కవర్లలో చుట్టి లారీకి వేశారు. అక్కడ విప్పేసరికి బూజు. కుట్టు దగ్గర తోలు వంకర్లు తిరిగింది, లోపలి ఇనుప చట్రం తుప్పు పైకి తేలింది. వెలిగించి చూస్తే పూడిన రంధ్రాల దగ్గర నల్లటి మచ్చలు. సరుకంతా వెనక్కి వచ్చింది.

అప్పు మెల్లగా తీరింది. వాళ్ళను విడదీసింది అప్పు కాదు. సరుకు వాకిట్లో దించిన రాత్రి నేను పుట్టింట్లోనే ఉన్నా. గడప దగ్గర నిలబడి విన్నా. "తోళ్ళు ఆరలేదని నాకు అప్పుడే తెలుసు" అన్నాడు ఆయన. "నువ్వు రంధ్రాలు పూడుస్తున్నావని నాకూ అప్పుడే తెలుసు" అన్నాడు మీ నాన్న. ఇద్దరూ కేకలు వేసుకోలేదు. కేకలు వేసుకున్నా బాగుండేది. ఆ తర్వాత ఒకరు బాగుంది అంటే రెండోవాళ్ళు నమ్మలేకపోయారు. ఇంకా ఏమేం చూసి చెప్పకుండా ఉన్నాడో అని ఇద్దరికీ అదే అనుమానం. కొన్నాళ్ళకు ఆయన పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్ళిపోయాడు. ధర్మవరం బస్టాండులో ఒకసారి ఎదురుపడి కూడా పలకరించుకోలేదని మీ అమ్మ చెప్పింది.

మీ నాన్న పని ఆపలేదు. తనే గీసుకోవడం మొదలుపెట్టాడు. తనకు తాను గీసుకునేటప్పుడు తన ఉలికి సులువుగా లొంగేదే గీసుకున్నాడు. కష్టమైన గీత చేతిలో పెట్టి "కొట్టు చూద్దాం" అనే మనిషి లేడు. ఆ తర్వాతి బొమ్మలు బాగుంటాయి, అమ్ముడుపోతాయి. ఆ సీతమ్మ పక్కన పెడితే తేడా నాకు తెలుస్తుంది. ఆయనకు నాకంటే ముందే తెలుసు.

అందుకే నా పోరు అంతా ఇదే. పక్కమనిషి పనిలో తప్పు కనబడితే ఆ రోజే అనండి. మనిషి గురించి అనొద్దు, వస్తువు ముందు పెట్టుకుని వస్తువు గురించి అనండి. వారానికి ఒక సాయంత్రం చేసినవన్నీ వరసగా పెట్టి, గదిలో లైటు ఆర్పి, ఒక్కోదాని వెనక బల్బు వెలిగించి నలుగురూ చూడండి. పగటి వెలుతుర్లో దాక్కున్న తప్పు అప్పుడు బయటపడుతుంది.

చిన్నప్పుడు మేళంలో ఆ పని నాదే. తెర వెనక ఆడించేవాళ్ళకు ముందు కూర్చున్నవాళ్ళకు ఏం కనబడుతుందో తెలియదు. బొమ్మ తెరకు ఆనకుండా కొంచెం వెనక్కి జరిగినా నీడ మసకబారుతుంది. మా అమ్మ నన్ను జనం మధ్యలో కూర్చోబెట్టేది. నేను మధ్యమధ్యలో వెనక్కి పరిగెత్తి "రాముడి చెయ్యి ఆనలేదు", "పెదనాన్నా, నీ తల నీడ పడుతోంది" అని చెప్పాలి. అంతా బాగుంది అని చెబితే అమ్మకు కోపం వచ్చేది. "బాగుందని చెప్పడానికి నిన్ను పంపలేదు పో" అనేది. ఆటలో నవ్వించే బొమ్మలు ఇద్దరిలో మా అమ్మ బంగారక్కకు గొంతు ఇచ్చేది, పెదనాన్న జుట్టుపోలిగాడికి. వాళ్ళ పోట్లాటకు ముందే రాసిన మాటలేమీ ఉండవు. ఆ ఊళ్ళో ఏం జరిగిందో, రోడ్డు ఎట్లా ఉందో, దాని మీద పెదనాన్న ఒకటి విసిరితే అమ్మ అంతకు మించింది విసరాలి. పెదనాన్న కావాలనే ఆమెకు జవాబు దొరకనిది వెతికేవాడు. జనం పడి పడి నవ్వేవాళ్ళు. ఆట అయ్యాక ఇద్దరూ టీ తాగుతూ ఎక్కడ తడబడ్డారో చెప్పుకునేవాళ్ళు. తెల్లవారుజామున చలిలో, కళ్ళు మండుతూ, అయినా ఆ మాటలు ఆగేవి కావు. నా జీవితంలో అంత సంతోషంగా పని చేసిన మనుషులను నేను మళ్ళీ చూడలేదు. మీ నలుగురూ అట్లా ఉండాలని నాకు ఎంత ఆశో రాయలేను.

నీ గురించి కూడా ఒక మాట. ఎవరైనా నీ పనిని వంక పెడితే నువ్వు మూతి ముడుచుకుని రెండు రోజులు మాట్లాడవు. ఇంట్లో అయితే మీ అమ్మ బుజ్జగిస్తుంది, అక్కడ ఎవరు బుజ్జగిస్తారు? ఆ అలవాటు మానుకో. నీకు తొమ్మిదేళ్ళప్పుడు ఉలి జారి బొటనవేలు తెగింది. ఏడవకుండా, రక్తం గౌనుకు తుడుచుకుని మళ్ళీ కొట్టడానికి కూర్చున్నావు. అంత గట్టిదానివి, ఒక మాటకు ఎందుకు కుంగిపోతావు? నిన్ను తిట్టాలని కాదు బంగారూ. నీ చేతిలో మీ నాన్న కంటే మంచి పని ఉంది. దాన్ని సులువైన గీతలకు అప్పజెప్పుకోకు. బొమ్మలు గీసే ఆ అమ్మాయి నీకు కొట్టరానిది ఇస్తే తిట్టుకుంటూ అయినా తీసుకో.

మధ్యాహ్నం తిండి మానొద్దు. నలుగురూ కూర్చుని తినండి, ఉలి పక్కన పెట్టి.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నా. అప్పటిదాకా తోళ్ళకు ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి. గీకినప్పుడు కత్తి గాట్లు పడినవి, ఒకచోట మందంగా ఒకచోట పల్చగా ఉన్నవి ఎలా ఏరేయాలో దగ్గరుండి చూపిస్తా. ఉలులు కొత్తవి కొనొద్దు, నా దగ్గరివి సాన పట్టించి తెస్తా. రంగులు మాత్రం తడికి కరగనివి అనంతపురంలోనే చూసి ఉంచండి. కుట్టుపని చేసే అమ్మాయి వాళ్ళమ్మ ఇంకా ఒప్పుకోలేదని విన్నా. ఆమె నంబరు నాకు పంపు, నేను మాట్లాడతా.

మీ అత్త
ధర్మవరం