సముద్రపు ఒడ్డున ఇల్లు తీసుకునే ముందు

అడయారు, చెన్నై

చిరంజీవి అబ్బాయికి మీ పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

సంక్రాంతి వెళ్లిన తరువాత కోడలిని, పిల్లలను, రెండు కుక్కలను వెంటబెట్టుకొని బెంగళూరు నుంచి వచ్చి, మహాబలిపురం దగ్గర సముద్రపు ఒడ్డున నాలుగు రోజులకు ఇల్లు అద్దెకు తీసుకుంటామని, ఏమేమి చూసుకోవాలో చెప్పమని వ్రాశావు. ఇరవై ఏళ్లుగా ఏటా ఒకసారైనా కుక్కలతో ఆ తీరాన బస చేసినవాడిని కనుక, నాకు తెలిసివచ్చినంతవరకు వ్రాస్తున్నాను. నీవు పంపిన ఫోటోలలో వరండా, ఉయ్యాల, సముద్రం అన్నీ ఉన్నాయి. ప్రహరీ గోడ మాత్రం ఒక్క ఫోటోలోనూ కనబడలేదు. కుక్కలున్నవారు ముందుగా చూడవలసినది ఆ గోడనే.

పొట్టికాళ్ల జాతి కుక్క, మా డాక్స్‌హండ్‌ను తీసుకొని వెళ్లిన మొదటి ఏడాది, అద్దె ఇంటి ఇనుప గేటు కింద జానెడు సందు ఉన్న సంగతి మేమెవ్వరమూ గమనించలేదు. సామాను దించుతుండగానే అది పొట్ట నేలకు రాసుకుంటూ ఆ సందులో దూరి బయటపడింది. పడవలు ఆపుకునే చోట ఊరకుక్కలు గుంపులుగా ఉంటాయి, తమ హద్దులోకి కొత్తది వస్తే ఊరుకోవు. నేను చెప్పులైనా లేకుండా పరుగెత్తి వెళ్లేసరికి మాది బోర్లించిన పడవ కింద నక్కి ఉంది, చుట్టూ ఐదు కుక్కలు నిలబడి ఉన్నాయి, చేపలమ్మే ఒక ముసలమ్మ తన బుట్టను అడ్డం పెట్టి వాటిని అదిలిస్తోంది. చెవి చిరిగింది కానీ ప్రాణం దక్కింది. అందుచేత రేబిస్ టీకా గడువు దాటలేదని బయలుదేరే ముందే చూసుకొని, టీకాల కార్డును కారులోనే ఉంచుకో. గేటు దాటితే తాడు చేతిలో ఉండవలసిందే.

ఇంటి యజమాని "కుక్కలైనా పరవాలేదండీ" అని ఫోనులో చెప్పిన మాటను నమ్మవద్దు. ఒకసారి అలాగే నమ్మి వెళితే, వాచ్‌మన్ చిన్న కుక్క ఒక్కదానికే అనుమతి ఉందని గేటు దగ్గరే నిలిపివేశాడు. ఆ రాత్రి నేనూ మా పెద్ద కుక్కా కారు షెడ్డులో పడుకున్నాము. రెండు కుక్కలని, వాటి జాతులేమిటో కూడా వ్రాసి, సరేనని వ్రాతలోనే జవాబు తెప్పించుకో.

ఇక ఎండ సంగతి. బెంగళూరులో పెరిగిన కుక్కలకు మన చెన్నై జనవరి కూడా ఎండాకాలంలాగే తోస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండడం వల్ల అవి ఎంత రొప్పినా ఒళ్లు చల్లబడదు. ముక్కు అణిగి ఉండే మీ పగ్‌కు ఈ బాధ ల్యాబ్రడార్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పొద్దున్న ఏడున్నరలోపల, సాయంత్రం ఐదు దాటాక మాత్రమే బయటికి తిప్పండి. ఇసుకమీద అరచేతి వెనుక భాగాన్ని ఆనించి ఏడు లెక్కపెట్టే వరకు ఓర్చుకోలేకపోతే వాటి పాదాలూ ఓర్చుకోలేవు. నాలుక ఎర్రబడి, చొంగ చిక్కబడి, నడక తూలుతోందంటే వడదెబ్బ అన్నమాట. నీడలోకి తెచ్చి మామూలు నీళ్లతో పొట్ట, పాదాలు తడిపి, ఫ్యాను కింద ఉంచి వెంటనే వైద్యుని దగ్గరికి బయలుదేరాలి. వేపేరిలోని పశువైద్య కళాశాల ఆసుపత్రి మహాబలిపురానికి యాభై కిలోమీటర్లకు పైగా దూరం కనుక, దగ్గరలో ఉన్న పశువైద్యుడెవరో యజమానినే అడిగి, ముందే ఫోను చేసి మాట్లాడి ఉంచుకో.

తీరంలో కుక్క నోటికి దొరికేవాటి మీద కన్నేసి ఉంచాలి. జాలరులు వలలోనుంచి ఏరి పారేసిన చేపలలో, ముట్టుకుంటే బంతిలా ఉబ్బే చేప ఒకటి ఉంటుంది; ఎండి అట్టలా మారినా దాని విషం పోదు, తిన్న కుక్క ఊపిరి అందక చనిపోవచ్చు. గాలం ముల్లు గుచ్చుకుంటే మీరు లాగవద్దు, దాని కొక్కెం కండను చీలుస్తుంది. ఉప్పునీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి కనుక మంచినీళ్ల సీసా, గిన్నె ఎప్పుడూ చేతిలో ఉండాలి. ఆరబెట్టిన వలల మీద, ఎండుచేపల మీద మన కుక్క కాలెత్తిందంటే అది వారి అన్నం మీద కాలెత్తినట్లే, ఆ కోపంలో న్యాయం ఉంది. మా ఇంట్లో ఒకరు కాకపోతే మరొకరు కుక్కలకు కాపలా కాస్తారులే అని అందరూ వదిలేసేవారు. అందుకని పూటకు ఒక మనిషి పేరు చెప్పి అప్పగించేవాణ్ణి.

మీరు వచ్చే రోజులు తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కూడా. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేలు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి, ఇసుక తవ్వి సుమారు నూరు గుడ్లు పెట్టి వెళుతుంది. ఆ గుడ్లను కుక్కలు తవ్వి తినేస్తాయని, చెన్నైలో 1988 నుంచి విద్యార్థులు రాత్రులు తీరం వెంట నడిచి వాటిని సేకరించి కాపాడుతున్నారు. కనుక చీకటి పడ్డాక మీ కుక్కలను ఇసుకమీదికి తీసుకుపోవద్దు. చెన్నైకి, మహాబలిపురానికి మధ్యనున్న కోవళం బీచికి 2021లో, శుభ్రమైన బీచులకిచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, ఆ గుర్తింపు నియమాలలో కుక్కల మీద కఠినమైన అదుపు ఉంది. అక్కడ వాటిని కారులోనుంచి దించకండి.

నీటిలోకి బంతి విసిరే ఆట మాత్రం వద్దని పిల్లలకు ముందే చెప్పు. అల వెనక్కి లాగే చోట్లు ఒడ్డునుంచి సులభంగా కనబడవు, ల్యాబ్రడార్ బంతి కోసం ఎంత దూరమైనా పోతుంది, దాని వెనుక పిల్లవాడు పోతాడు. ఇంటికి తిరిగివచ్చాక మంచినీళ్లతో స్నానం చేయించి, చెవులు పొడిగా తుడిచి, వేళ్ల సందులలో ఇసుక, తోలు మీద గోమార్లు ఉన్నాయేమో చూడండి.

మీరు తీసుకోబోయే ఇంటి గేటు కింద సందు ఎంత ఉందో యజమానిని స్కేలు పెట్టి కొలిచి ఫోటో తీసి పంపమను. అది వచ్చాకనే అడ్వాన్సు కట్టు.

ఇట్లు,
మీ పెదనాన్న